మాస్టారి బరువు: నూట తొంభై రెండు పుస్తకాలు

“పడేస్తారు అత్తయ్యా! చూస్తూ ఉండండి, ఈసారి పూర్తిగా పడేస్తారు. పోయినసారే సగం పడేశారు.”

ఈ మాట అంటున్నప్పుడు కోడలి చంకలో పదినెలల పిల్ల ఉంది. పడేయడం గురించి ఆమెకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతుంది. పిల్ల పడిపోతుందేమోనని తల్లులందరికీ ఉండేది ఉట్టి భయం, ఈమెది మాత్రం అంకెలున్న భయం. మంచం మీద నుంచి పడితే నేలను తాకేసరికి వేగం సెకనుకు మూడు మీటర్లని ఆమెకు తెలుసు. తెలిసినప్పటి నుంచి పిల్లను మంచం మీద వదిలింది లేదు. నేల మీద క్రిములుంటాయి కాబట్టి అక్కడా వదల్లేదు. ఇక మిగిలింది చంకే.

“పడేస్తే పడేస్తార్లే. పెట్టెలో ఉన్నాయనకు దెబ్బ తగలదుగా,” అంది అత్తగారు కూర తరుగుతూ.

“పెట్టెలో ఉన్నాయన గురించి కాదండీ. పెట్టె కింద ఉండే మావయ్యగారి గురించి.”

అత్తగారి కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. “ఆ నడుము పోయి నలభై ఏళ్ళయింది. కొత్తగా పోయేదేముంది?”

మావయ్యగారు లిఫ్టు మెకానిక్కు. అరవై ఒక్క ఏళ్ళు. రోజుకు ఇరవై మాటలు మాట్లాడతారు, వాటిలో పన్నెండు “ఊఁ”లే. జీవితమంతా జనాన్ని పై అంతస్తులకు పంపి, తాను మాత్రం కింది వాటాలో ఇల్లు తీసుకున్న మనిషి. ఏ లిఫ్టు ఎక్కినా ముందు బూటుతో నేలను రెండుసార్లు తట్టి, అది సమాధానం చెప్పాకే లోపల అడుగుపెడతారు. అలాంటాయన పోయిన ఆదివారం జోజప్పగారి సహోదర సంఘానికి అధ్యక్షుడయ్యారు. తట్టి చూసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు వాళ్ళు.

ఈ సంఘం గురించి కొంచెం చెప్పాలి. విచారణలో, అంటే ఆ చర్చి కిందికొచ్చే పేటల్లో, ఉన్న కథోలిక మగవాళ్ళలో పెద్దమనుషులమనుకునే వాళ్ళంతా ఇందులోనే ఉన్నారు. సభ్యులు ఇరవై ముగ్గురు, అందరి వయసూ కలిపితే పదిహేను వందల ఏళ్ళు. పెద్దపూజకు నీలం పట్టీ భుజానికి అడ్డంగా వేసుకుని ముందు వరసలో కూర్చోవడం వాళ్ళ మొదటి పని. పూజ అయ్యాక హాల్లో టీ తాగుతూ, టీ బాగా లేదని ఏకగ్రీవంగా తీర్మానించడం రెండోది. ఈ రెండూ ఏ లోటూ లేకుండా సాగిపోతున్నాయి. చిక్కంతా మూడోదానితోనే. మంచి మరణానికి పాలకుడు ఏసు పెంపుడు తండ్రి జోజప్పగారు కాబట్టి, విచారణలో ఎవరు పోయినా శవపెట్టెను సంఘం వాళ్ళే భుజాల మీద మోసుకెళ్ళాలి. సంఘం పుట్టినప్పుడు సభ్యులు పాతికేళ్ళ కుర్రాళ్ళు. అప్పుడు రాసుకున్న నియమం ఇంకా అలాగే ఉంది, కుర్రాళ్ళు మాత్రం లేరు.

పోయినసారి రొట్టెల షాపు పెద్దాయన పోయినప్పుడు ఆరుగురు మోశారు. ఆరుగురివీ ఆరు ఎత్తులు. గుడి మెట్ల మీద ముందు ఎడమ మూల ఒక్కసారిగా కుంగింది. లోపల పెద్దాయన తల వైపు నుంచి కాళ్ళ వైపుకు గుభీమని జారారు. ఆ చప్పుడుకు ఫాదర్ ప్రార్థన ఆపేశారు, ఏడుస్తున్న భార్య ఏడుపు ఆపి తలెత్తి చూసింది. “ఆయనకెప్పుడూ తొందరే,” అందట. ఆ తర్వాత విచారణకు ఎవరో ఒక చక్రాల బండి విరాళమిచ్చారు. దానికి నాలుగు చక్రాలు, వాటిలో ఒకటి కిచకిచలాడుతుంది.

ఎన్నిక జరిగిన రోజు కోడలు హాల్లోనే ఉంది. పాప ఇంట్లో ఎంత జోకొట్టినా పడుకోదు గానీ, సంఘంలో ఉపన్యాసాలు మొదలైతే అయిదు నిమిషాల్లో పడుకుంటుంది.

ముందుగా మాస్టారు లేచారు. రిటైరైన హెడ్మాస్టరు, పందొమ్మిదేళ్ళుగా అధ్యక్షుడు, తొంభై ఆరు కిలోల మనిషి. సభ్యుల్లో సగం మంది ఆయన దగ్గర బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళు, మిగతా సగం ఇప్పటికీ తింటామేమోనని భయపడేవాళ్ళు. ఆయన వెనక గోడ మీద పాత అధ్యక్షుల ఫొటోలు ఐదున్నాయి. ఐదుగురూ పదవిలో ఉండగానే పోయారు. సంఘంలో కుర్చీ దిగడానికి ఇంతకాలం ఉన్న దారి అదొక్కటే. బతికుండగా దిగుతున్న మొదటివారు మాస్టారే. గుండె బాగా లేదు, ఎక్కువసేపు నిలబడొద్దు, అరవొద్దు అన్నాడట డాక్టరు. ఆ రెండూ తీసేస్తే అధ్యక్ష పదవిలో ఇంకేమీ మిగలదు.

“ఒరేయ్,” అన్నారు మాస్టారు సభనుద్దేశించి. “డాక్టరు నాకు ఏడాదన్నాడు. వాడు నా దగ్గర లెక్కల్లో తప్పినవాడు, కాబట్టి కొంచెం అటూ ఇటూ కావచ్చు. నాదొక్కటే కోరిక. ఆ కిచకిచ బండి మీద నన్ను తోసుకెళ్ళకండి. నలభై ఏళ్ళు అందర్నీ నా భుజం మీద మోశాను. నన్నూ అలాగే మొయ్యాలి. మోస్తారా, మొయ్యరా?”

ఇరవై రెండు జతల కళ్ళు ఆయన్ని పైనుంచి కిందికి, ఆ తర్వాత ఈ పక్క నుంచి ఆ పక్కకు కొలిచాయి. చాలాసేపు పట్టింది.

“మోస్తాం మాస్టారూ,” అన్నారు చివరికి. బడిలో హోంవర్కు చేసుకొస్తాం అన్న గొంతుతోనే అన్నారు.

ఇక ఎన్నిక. సంఘంలో దీనికో మర్యాద ఉంది. పేరు ప్రతిపాదించగానే ఒప్పుకుంటే పదవీ వ్యామోహం. అందుకని మొదటిసారి అడిగితే “నాకంత అర్హత లేదు” అనాలి. రెండోసారి “నాకంటే పెద్దలున్నారు” అనాలి. మూడోసారి తలవంచి “దేవుడి చిత్తం” అనాలి. ఇది జవుళి షాపాయనకు కంఠతా వచ్చు. పందొమ్మిదేళ్ళుగా అద్దం ముందు చెప్పుకుంటున్నాడు. కుర్చీ ఎలాగూ తనకేనని అందరికీ తెలుసు, అధ్యక్షుడి పట్టీకి తన షాపులోనే మంచి నీలం పట్టు చూసి పక్కన పెట్టుకున్నాడని కూడా తెలుసు.

మొదటిసారి అడిగితే అర్హత లేదన్నాడు. రెండోసారి పెద్దలున్నారన్నాడు. మూడోసారి అడిగేసరికి ఆయనకో ఆలోచన వచ్చింది. అందరూ మూడోసారికి ఒప్పుకుంటారు, నేనింకో మెట్టు పైకెళ్తే ఎలా ఉంటుంది? కళ్ళు మూసుకుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, “వద్దు ఫాదర్, ఈ పాపిని బలవంతం చెయ్యకండి,” అన్నాడు.

ఫాదర్ ఊరికి కొత్త. పైగా పక్క విచారణలో పూజ ఉంది, అరగంటలో బస్సు. “సరే, పాపం ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దు,” అని తరవాతి పేరు చదివేశారు.

జవుళి షాపాయన కళ్ళు తెరిచేసరికి ఫాదర్ మావయ్యగారిని అడుగుతున్నారు.

“నేను చెయ్యను,” అన్నారు మావయ్యగారు. సభ్యులంతా మెచ్చుకోలుగా తలలూపారు.

“నిజంగా చెయ్యనండీ,” అన్నారు రెండోసారి. ఎంత సహజంగా అంటున్నాడో అనుకున్నారు.

మూడోసారి అడిగినప్పుడు ఆయన మాస్టారి వైపు చూశారు. పెట్టెలో గుభీమన్న రొట్టెల షాపు పెద్దాయన గుర్తొచ్చి ఉంటారు.

“ఎన్నాళ్ళు?” అన్నారు.

“ఏమిటి ఎన్నాళ్ళు?”

“ఈ పని ఎన్నాళ్ళు చెయ్యాలి?”

హాలంతా గోడ మీది ఐదు ఫొటోల వైపు చూసింది.

“ఏడాది చేస్తాను. ఏడాదయ్యాక ఇదే రోజున ఎవరికి అప్పగించాలో ఇప్పుడే చెప్పండి. లేకపోతే ముట్టుకోను.”

పదవి పుచ్చుకోకముందే దిగడం గురించి మాట్లాడే మనిషిని సంఘం ఎన్నడూ చూడలేదు. ఇద్దరు ముగ్గురు దీన్ని అపశకునం కింద లెక్కేశారు. ఫాదర్ మాత్రం గడియారం చూసుకుని, “మంచిదే కదా,” అంటూ జవుళి షాపాయన వైపు తిరిగారు. “మరి వచ్చే ఏడాదికైనా మీరు...”

“దేవుడి చిత్తం!”

ఫాదర్ వాక్యంలో ఇంకా క్రియ రాలేదు.

అలా మావయ్యగారి మెడలో అధ్యక్షుడి పతకం పడింది. ఇంటికొచ్చి దాన్ని క్యాలెండరు మేకుకు తగిలించారు. అత్తగారు దాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, “అధ్యక్షులవారూ, తమరు ఆ చెత్తబుట్ట బయట పెట్టొస్తే సంఘం గౌరవానికి భంగమా?” అంది. ఆయన “ఊఁ” అని బుట్ట తీసుకెళ్ళారు.

కోడలు ఊరుకోలేదు. పాప టీకాల కార్డు వెనక లెక్కవేసింది. మాస్టారు తొంభై ఆరు, పెట్టె నలభై, మొత్తం నూట ముప్పై ఆరు. ఆరుగురికి పంచితే మనిషికి దాదాపు ఇరవై మూడు. అది చదునైన నేల మీద. మెట్ల మీద ముందువాళ్ళకు ఇంకా ఎక్కువ. మావయ్యగారి వెన్నుపూసల్లో రెండు అరిగిపోయాయని స్కానింగ్ రిపోర్టు చెబుతోంది. కార్డు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. భర్త వారంలో ఆరు రోజులు వేరే ఊళ్ళో డ్యూటీ, కాబట్టి ఇంట్లో భయపడే బాధ్యత మొత్తం తనదేనని ఆమె నమ్మకం.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివారు.

“బరువు లెక్క బాగుందమ్మా. ఎత్తు లెక్క ఏది?”

“ఎత్తా?”

“ఆరుగురూ ఒకే ఎత్తనుకున్నావు. పొట్టివాడి భుజానికి పెట్టె ఆనదు. వాడు ఉత్తినే చెయ్యేసి నడుస్తాడు. మోసేది పొడుగువాళ్ళే.”

లోకానికి న్యూటన్ సూత్రాలు బోధించే మనిషి ఆ రోజు కార్డు మడిచి జేబులో పెట్టుకుంది.

ఆ ఆదివారం సాయంత్రం హాలు గోడ మీద సుద్దముక్కతో గీతలు పడ్డాయి. అందరి భుజాల ఎత్తూ కొలవాలి. కొలిచే పని మావయ్యగారు జవుళి షాపాయనకు అప్పగించారు, టేపు ఆయన మెడలో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి. పందొమ్మిదేళ్ళ ఆశ చెదిరిన మనిషి చేతికి టేపు ఇవ్వడం అంత మంచిది కాదు.

“మడమలు కింద పెట్టు బావా. నీ ప్యాంటు పొడవు నాకు తెలీదా? ముప్పై ఏళ్ళుగా నా షాపులోనే కదా గుడ్డ చింపిస్తున్నావు!”

“నేనింతే ఉంటాను!”

“అంతే ఉంటే నీ పెళ్ళి సూటుకు మూడు గజాలెందుకు సరిపోయింది?”

మగవాళ్ళు ఆడవాళ్ళ వయసు గురించి వేసే జోకులన్నీ ఆ సాయంత్రం గోడ దగ్గర వడ్డీతో సహా తిరిగొచ్చాయి. వేళ్ళ మీద లేచేవాళ్ళు, మెడ సాగదీసేవాళ్ళు. చివరికి జతలు తేలాయి. పొడుగువాళ్ళు ముందు, ఎందుకంటే మెట్లు దిగేటప్పుడు ముందువాళ్ళు కింద ఉంటారు. వెనక జత దగ్గరకొచ్చేసరికి జవుళి షాపాయన టేపు రెండుసార్లు పట్టి చూశాడు. తన భుజమూ లిఫ్టాయన భుజమూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే ఎత్తు. దేవుడి చిత్తం అని మాత్రం అనలేదు.

మావయ్యగారు ప్లైవుడ్డుతో, అసలు పెట్టె అంత బరువుండేలా, ఒక పెట్టె చేయించారు. లిఫ్టును జనం ఎక్కకముందు బరువులు పెట్టి పరీక్షిస్తారు కదా, అదే పద్ధతి. బరువు కోసం బీరువాలో మూలపడ్డ పాత పాటల పుస్తకాలు వాడారు. పుస్తకం అర కిలో. తొంభై ఆరు కిలోలకు నూట తొంభై రెండు పుస్తకాలు. ఆ పుస్తకాల్లో ప్రభువు భారాలన్నీ తేలిక చేస్తాడని కనీసం నలభై పాటలున్నాయి.

ప్రతి ఆదివారం సాయంత్రం ఆరుగురూ పెట్టె ఎత్తి హాలు చుట్టూ నడిచేవారు. మాస్టారు కుర్చీలో కూర్చుని, చేతికర్ర నేలకు కొడుతూ తన అంత్యక్రియల రిహార్సలు తానే పర్యవేక్షించేవారు. “ఎడమ కాలు ముందు! ఎడమ అంటే ఏది రా? అన్నం తినే చెయ్యి వైపు కాదు!”

నాలుగో ఆదివారం మావయ్యగారికి ఫోనొచ్చింది. ఎక్కడో అపార్టుమెంటులో ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారు. గంటలో వస్తానని వెళ్ళారు. నడుము పట్టీ ఇంట్లో మర్చిపోయారని కోడలు పాపను చంకనేసుకుని హాలుకు వచ్చేసరికి, అధికారం చేతులు మారి ఉంది.

“ఆయన లేకపోతే ఆగిపోవాలా? వచ్చే ఏడు అధ్యక్షుణ్ణి నేనే,” అంటున్నాడు జవుళి షాపాయన. మావయ్యగారి చోట, సభ్యుల్లోనే ఒకరైన ఫొటో స్టూడియో ఆయన్ని నిలబెట్టాడు. ఆయన భుజం మూడు అంగుళాలు తక్కువ, అందుకని చొక్కా కింద తువ్వాలు మడతపెట్టుకున్నాడు.

మాస్టారికి అప్పుడే ఒక సందేహం వచ్చింది. “ఒరేయ్, పుస్తకాలు కదలవు. మనిషి వేరు. నేనే పడుకుంటాను, మొయ్యండి.”

“మాస్టారూ, బతికుండగా ఎందుకండీ...”

“చచ్చాక తప్పులు దిద్దడానికి నేనుంటానా?”

పుస్తకాలు తీసేసి రెండు బల్లల మీద పెట్టెను పెట్టారు. మాస్టారు చెప్పులు విడిచి, చేతికర్రతో సహా అందులో పడుకున్నారు. జవుళి షాపాయన ఒకటి, రెండు, మూడు అన్నాడు. పెట్టె లేచింది. కోడలు పాపను ఇంకాస్త గట్టిగా చంకకు హత్తుకుంది.

ఆశ్చర్యం ఏమిటంటే, బాగానే మోశారు. ఒక చుట్టు, రెండు చుట్లు. పెట్టెలోంచి “కుదుపు! వెనక కుడి పక్క కుదుపు!” అని సూచనలు వస్తూనే ఉన్నాయి. మూడో చుట్టు పూర్తయింది. కూర్చున్న సభ్యులు చప్పట్లు కొట్టారు. అప్పుడే తలుపు దగ్గర మావయ్యగారు, చేతికి గ్రీజుతో.

ఆయన పెట్టెను చూశారు. ఆరుగురినీ చూశారు. హాలంతా ఒకసారి చూశారు.

“ఎక్కడ దించుతారు?”

అప్పుడు అందరూ చూశారు. రెండు బల్లలూ లేవు. రెండో చుట్టులో ఉండగా పాటల బృందం ఆడవాళ్ళు వచ్చి, ఖాళీగానే ఉన్నాయిగా అని, పక్క గదికి పట్టుకెళ్ళారు. వెళ్తూ వెళ్తూ మాస్టారికి వందనం కూడా చెప్పారు.

నేల మీదకు దించాలంటే ఆరుగురూ ఒకేసారి మోకాళ్ళు వంచాలి. ఉన్నవి పన్నెండు మోకాళ్ళు, వంగేవి నాలుగు. చప్పట్లు కొట్టిన మిగతావాళ్ళు సహాయానికి లేవాలంటే ముందు వాళ్ళను లేపడానికి ఎవరైనా కావాలి. ఫొటో స్టూడియో ఆయన తువ్వాలు జారిపోయింది. ఆ మూల కుంగడం మొదలైంది. మావయ్యగారు రెండంగల్లో వెళ్ళి ఆయన్ని తప్పించి, ఆ మూల కింద తన భుజం పెట్టారు. నడుము పట్టీ ఇంకా కోడలి చేతిలోనే ఉంది.

“అమ్మా,” అన్నారు, మెల్లగానే. “పిల్లని దించి, ఆ గోడ పక్క బెంచీలు లాగు.”

దించాలా? ఎక్కడ? ఆమె కిందికి చూసింది. సుద్దపొడి. పదిహేను వందల ఏళ్ళ చెప్పుల దుమ్ము. ఏ క్రిములుంటాయో ఆమెకు వర్గాలతో సహా తెలుసు. పెట్టెలోంచి మాస్టారు, “కంగారు లేదమ్మా, నాకు బాగానే ఉంది,” అన్నారు. మావయ్యగారి మెడ మీద ఒక నరం ఉబ్బింది.

పాపను నేల మీద కూర్చోబెట్టి పరుగెత్తింది. మొదటి బెంచీ, రెండో బెంచీ. పెట్టె దిగింది. మాస్టారు లేచి కూర్చుని, మొత్తానికి నూటికి యాభై అయిదు మార్కులన్నారు. పాప ఈలోగా హాలు సగం పాకి, దొరికిన సుద్దముక్కను నోట్లో పెట్టుకుని, పుట్టి ఇంత హాయి ఎప్పుడూ ఎరగనట్టు నవ్వుతోంది.

మావయ్యగారు నడుము పట్టుకుని నిలబడి, జవుళి షాపాయనతో ఒక్కటే మాటన్నారు. “ఎత్తమని ఎవరైనా చెప్తారు బావా.”

ఇంటికి నడిచొస్తుంటే ఆయన ఆ రోజు కోటా దాటి మాట్లాడారు. ఇరవై రెండేళ్ళప్పుడు, పనిలో చేరిన కొత్తలో, ఆయనా ఇంకొకడూ కలిసి లిఫ్టు మోటారును ఆరంతస్తులు మెట్ల మీద మోసుకెళ్ళారట. పైకెళ్ళాక చూస్తే మిషను గదికి తాళం. తాళంచెవి కింద ఆఫీసులో. ఇరుకు మెట్లు, దించడానికి జానెడు చోటు లేదు. ఎవరో కిందికెళ్ళి చెవి తెచ్చేవరకూ ఇరవై నిమిషాలు అలాగే నిలబడ్డారు. నడుము పోయింది ఆరంతస్తులు మోసినందుకు కాదు, ఆ ఇరవై నిమిషాలు నిలబడినందుకు.

“దేన్నైనా ఎత్తుకో అమ్మా, ఎవరొద్దన్నారు? ఎత్తేముందు ఎక్కడ దించాలో చూసుకో,” అన్నారు.

ఆ తర్వాత మాస్టారు హాలుకు రావడం తగ్గింది. కాళ్ళకు నీరొచ్చింది, ఆకలి పోయింది. రిహార్సళ్ళు మాత్రం ఆగలేదు. బల్లలు ఎక్కడున్నాయో చూసే పని ఇప్పుడు కోడలిది. సంఘం చరిత్రలో ఆడమనిషికి దక్కిన మొదటి పదవి అదే. తీర్మానం మాత్రం రాయలేదు.

వారాలు గడిచేకొద్దీ సభ్యుల్లో ఒక కొత్త ఉత్సాహం కనిపించింది. పెట్టె తేలిగ్గా లేస్తోంది. అడుగు తడబడటం లేదు.

“నేను పొద్దున్నే నానబెట్టిన బాదంపప్పులు తింటున్నాను,” అన్నాడు జవుళి షాపాయన భుజం నిమురుకుంటూ. “ఇప్పుడు మాస్టారి లాంటి వాళ్ళను ఇద్దర్ని మోస్తాను.”

“నాకు ఇరవై ఏళ్ళ కిందటి బలం వచ్చేసింది,” అన్నాడు ఫొటో స్టూడియో ఆయన, ఇప్పుడు మోసేవాళ్ళలో లేకపోయినా.

కోడలికి మాత్రం కిటికీ దిమ్మె మీద పాత పాటల పుస్తకాలు కనిపించాయి. మొదటి వారం ఎనిమిది. తర్వాత పంతొమ్మిది. తర్వాత ముప్పై ఒకటి. చదువుకున్న మనిషి, లెక్కపెట్టకుండా ఉండలేదు. టీకాల కార్డు మీద పాప బరువు గీత పైకి పోతోంది, కిటికీలో పుస్తకాల దొంతరా పైకి పోతోంది.

“మావయ్యగారూ, పెట్టెలోంచి పుస్తకాలు తీసేస్తున్నారు కదూ? వాళ్ళేమో బలం వచ్చిందనుకుంటున్నారు. ఇది మోసం కాదా?”

“మాస్టారు తగ్గుతున్నారమ్మా,” అన్నారాయన.

ప్రతి శనివారం వెళ్ళి మాస్టారిని మంచం మీద నుంచి ఎత్తి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి వస్తున్నారట. మోటార్లు ఎత్తిన చేతులు, తూకం అక్కర్లేదు. శనివారం చేతికి ఎంత తగ్గినట్టు అనిపిస్తే, ఆదివారం పెట్టెలోంచి అన్ని పుస్తకాలు తీస్తున్నారు.

“తేలికైతే మంచిదేగా? ఎక్కువ బరువు అలవాటైతే తక్కువ బరువు మోయలేరా?”

“ఖాళీ లిఫ్టుకు బ్రేకు పోతే ఎటు పోతుంది?”

పైకి పోతుంది. ఎదురుబరువు ఎక్కువ కాబట్టి పైకి దూసుకుపోయి కప్పును కొడుతుంది. క్లాసులో ఆమె చెప్పే లెక్కే అది.

“తొంభై ఆరుకు అలవాటైన భుజాలు అరవైని పైకి విసిరేస్తాయి. అప్పుడు పడుతుంది పెట్టె.”

“అయితే వాళ్ళకు చెప్పొచ్చుగా?”

“చెప్తే మోసేటప్పుడు ఏడుస్తారు. ఏడ్చేవాడు అడుగు చూసుకోడు.”

మాస్టారు పదకొండో నెలలో పోయారు. డాక్టరు లెక్క ఒక నెల తప్పింది, మాస్టారు ముందే చెప్పారు. అప్పటికి కిటికీలో డెబ్భై ఆరు పుస్తకాలున్నాయి. పెట్టెలో నూట పదహారు.

పొద్దున తొమ్మిదింటికి పూజ. కోడలు పాపను అత్తగారి ఒడిలో దించి, గుడిలో ఒక జత బల్లలు, మెట్ల కింద ఒక జత, సమాధుల తోట గేటు దగ్గర ఒక జత, గుంత పక్కన ఒక జత ఉన్నాయో లేదో తన కళ్ళతో చూసొచ్చింది. తర్వాత మెట్ల కింద నిలబడింది. తొమ్మిది మెట్లు. కిచకిచ బండిని ఎవరో ముందుజాగ్రత్తగా పక్కన పెట్టారు.

ఆరుగురూ భుజాలు ఆనించారు. ఒకటి, రెండు, మూడు. పెట్టె లేచింది. కుదుపు లేదు, ఒరగడం లేదు, పోయిన ఆదివారం ఎలా లేచిందో అలాగే. వెనక జతలో ఉన్న జవుళి షాపాయన మొహంలో ముందు సంతృప్తి కనిపించింది, తర్వాత ఏదో సందేహం. సరిగ్గా ఆదివారం నాటి బరువు. అదెలా? ఆయన పెదవులు కదిలాయి. జీవితమంతా గుడ్డ తానులు ఎత్తి దించిన మనిషి, ఆయనకూ చేతుల్లో లెక్క ఉంది. కిటికీలో పుస్తకాల దొంతర ఆయనా చూసే ఉంటాడు.

“బావా...” అన్నాడు మావయ్యగారితో. “మాస్టారు ఇంతేనా? ఇంతే ఉన్నారా?”

“అడుగు చూసుకో,” అన్నారు మావయ్యగారు.

ఆయన చూసుకున్నాడు. కళ్ళ నిండా నీళ్ళతోనే, తొమ్మిది మెట్లూ ఒక్కొక్కటే చూసుకుంటూ దిగాడు. పెట్టె మీద పెట్టిన పూలదండ జారలేదు. గుంత పక్కన బల్లల మీద దించినప్పుడు చప్పుడు కూడా వినపడలేదు. మాస్టారు ఉండి ఉంటే ఎనభై మార్కులైనా వేసేవారు. ఆయన ఎప్పుడూ ఎవరికీ అంతకు మించి వెయ్యలేదు.

నెల తిరక్కుండా అనుకున్న తేదీ వచ్చింది. మావయ్యగారు మేకు మీది పతకం తీసి, చొక్కా అంచుతో తుడిచి, హాలుకు పట్టుకెళ్ళారు. జవుళి షాపాయన అలవాటు కొద్దీ అర్హత లేదన్నాడు, పెద్దలున్నారన్నాడు. మూడోసారి ఫాదర్ ఊపిరి బిగపట్టి అడిగారు. ఆయన గోడ మీది ఫొటోల వైపు చూశాడు. ఇప్పుడవి ఆరు.

“దేవుడి చిత్తం,” అన్నాడు. ఆగి, “ఏడాది,” అన్నాడు.

మావయ్యగారు ఇంటికొచ్చి చెత్తబుట్ట తీసుకుని బయటికెళ్ళారు. మాజీ అధ్యక్షులు కూడా ఆ పని చెయ్యొచ్చని అత్తగారు అప్పటికే తీర్మానించింది.

మొన్న కాలేజీలో ప్రిన్సిపాల్ పిలిచి, శాఖాధిపతి పని చూస్తావా అమ్మా అని అడిగితే, కోడలు “ఎన్నాళ్ళండీ?” అంది. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు. ఇంట్లో పాప ఇప్పుడు పరుగులు పెడుతోంది. మంచం ఎత్తు మారలేదు, వేగం సెకనుకు మూడు మీటర్లే, భయమూ అంతే ఉంది. పాప ఏడుస్తూ రెండు చేతులూ చాపితే కోడలు ఇదివరకటిలా ఎగిరి గంతేసి ఎత్తుకోదు. ముందు గదంతా ఒకసారి చూస్తుంది. చాప పరిచి ఉందా, దాని మీద కత్తెర గట్రా లేవు కదా, కిటికీ పక్క ఎండ పడుతోందా. ఎక్కడ దించాలో చూసుకుని, అప్పుడు వంగి ఎత్తుకుంటుంది.